శిశిరంలో పూత: తాటిపూడి నుంచి మందస దాకా

పంచాంగం ప్రకారం మాఘ ఫాల్గుణాలు శిశిర ఋతువు. ఆకు రాలే కాలమని చిన్ననాటి పాఠాల్లో చదువుకున్నాము. ఉత్తరాంధ్ర పొలాల్లో, కొండవాలుల్లో, ఏటి ఇసుకలో మాత్రం మాఘం వచ్చేసరికి పూత మొదలై ఉంటుంది. ఆకు రాలడమూ పువ్వు రావడమూ అక్కడ వేర్వేరు కాలాల పనులు కావు. ఉగాదినాడు వసంతం వచ్చిందని మనం చెప్పుకునే వేళకు ఈ పూలలో చాలా వరకు రాలిపోయి కాయలు కట్టి ఉంటాయి. వాటిని వేళకు చూడాలన్న కోరికతో 2025లో రథసప్తమి నడుమ వచ్చేలా చూసుకుని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగి వచ్చాను. వ్యవసాయ శాఖలో పనిచేసి విజయనగరంలో స్థిరపడిన మా చిన్నాన్న నాకు తోడు వచ్చారు. ఆయన జేబులో భూతద్దం, చేతిలో కర్ర లేకుండా ఊరు దాటరు.

ఫిబ్రవరి 1, శనివారం: తాటిపూడి, పుణ్యగిరి

గంట్యాడ దాటేవరకు మంచు విడవలేదు. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద ఒకామె తేగలు ఉడకబెట్టి అమ్ముతోంది. పది తేగల కట్ట 50 రూపాయలు. తాటిపండ్లు తిన్నాక టెంకలను మట్టిలో పాతిపెడితే చలికాలానికి అవి మొలకెత్తి నేలలోకి దిగిన మొక్కలే ఈ తేగలు. పీచు తీసి, మధ్యన ఉన్న లేత ఆకును పక్కన పెట్టి, ఉప్పు లేకుండానే తింటే కమ్మగా, కాస్త వగరుగా ఉన్నాయి. చిన్నాన్న ఆమెను ఈ ఏడాది తేగ ఎలా వచ్చిందని అడిగారు. "సలి బాగా పట్టింది బాబూ, అందుకే తేగ ఊరింది" అని ఆమె సంతోషంగా చెప్పింది.

తాటిపూడి జలాశయం గోస్తనీ నది మీద ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఈ చిన్న నది నీరే ఇక్కడ నిలిచి విశాఖపట్నం తాగునీటికి వెళ్తుంది. జలాశయానికి వెళ్లే దారిలో పొలం గట్ల మీద మోదుగ చెట్లు చాలా ఉన్నాయి. చాలా చెట్లు ఇంకా మొగ్గ దశలోనే ఉండగా, దక్షిణం వైపు ఎండ బాగా తగిలే ఒక చెట్టు మాత్రం అప్పటికే విచ్చుకుంది. ఆకు ఒక్కటి కూడా లేని కొమ్మల నిండా ముదురు గోధుమరంగు మఖమలు తొడుగులు వేసుకున్న మొగ్గలు, వాటి నడుమ నారింజ ఎరుపు పూలు ఉన్నాయి. ఒక పువ్వును చేతిలోకి తీసుకుని చూస్తే అయిదు రేకుల్లో ఒకటి వెనక్కి విరిగి నిలబడుతుంది, రెండు పక్కలకు ఒదుగుతాయి, మిగిలిన రెండూ కలిసి చిలక ముక్కులా వంగి కేసరాలను దాచుకుంటాయి. తేనె అడుగున ఉంటుంది. దాని కోసం ముక్కు దూర్చిన పిట్ట తలకు పుప్పొడి అంటుకునే ఏర్పాటు అది. మేము నిలుచున్న కాసేపట్లో గోరువంకలు, ఒక ఏట్రింత, రెండు తేనెపిట్టలు వచ్చి వెళ్లాయి. ఉడుత ఒకటి మొగ్గలు కొరికి కింద పడేస్తూ కొమ్మ కొమ్మకూ తిరిగింది.

నేలలో తడి తగ్గుతున్న వేళ చెట్టు ఆకును వదిలించుకుంటే నీటి ఖర్చు తగ్గుతుంది. ఆకు అడ్డం లేకపోతే ఎర్రని పువ్వు దూరాన ఎగిరే పక్షికి కూడా కనబడుతుంది. పూత ఇప్పుడే పూర్తయితే వేసవి గాలులకు విత్తనం ఎగిరి, తొలకరి వానకు నేలలో నాటుకుంటుంది. చిన్నాన్న ఇదంతా చెబుతూ ఉంటే ఆకు లేని కొమ్మలను నేను మరోసారి తేరిపార చూశాను.

శృంగవరపుకోట దారిలో మామిడి తోటలు మొదలయ్యాయి. కోసిన వరి మళ్ల పక్కన తోటంతా లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన పూతతో నిండి ఉంది. ఒక తోట రైతు మమ్మల్ని లోపలికి పిలిచి, చెట్టు కింద మడతమంచం వాల్చి, మజ్జిగ ఇప్పించారు. ఆయన తోటలో బంగినపల్లి కంటే సువర్ణరేఖ, పనుకులు ఎక్కువ. సువర్ణరేఖ ముందుగా కాపుకొచ్చే రకం కనుక పూత కూడా ముందే వస్తుంది. ఒక్కో గుత్తిలో వేల పూలు ఉన్నా అందులో ఎక్కువ భాగం మగపూలే. మిగిలిన వాటిలో కూడా కాయ నిలిచేవి ఏ ఒకటో రెండో. ఆయన బాధ మాత్రం మంచు గురించి. ఉదయం మంచు ఆలస్యంగా విడిచే రోజుల్లో పూత మీద బూడిద తెగులు పుడుతుంది, ఆకుల మీద తేనెమంచు పురుగు చేరుతుంది. పురుగు విసర్జించిన తీపి జిగురు మీద నల్లటి మసి పెరిగి పూత మాడిపోతుంది. భూతద్దంలో చూస్తే గుత్తి కాడ మీద పేనంత పురుగులు వాలుగా కూర్చుని ఉన్నాయి. చేయి ఆడించగానే అవి చిటపటమని ఎగిరిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

శృంగవరపుకోటలో ఇడ్లీ, బొంబాయి చట్నీ తిని ఆటోలో పుణ్యగిరి వెళ్లాము. మనిషికి 30 రూపాయలు తీసుకున్నారు. కొండ మీది శివాలయానికి శివరాత్రినాడు జనం లెక్కలేనంతగా వస్తారు కానీ ఆ రోజు మాతోపాటు నలుగురైదుగురే ఉన్నారు. ధార పడేచోటికి కొంచెం దిగువన గెడ్డ ఒడ్డున ఒక బూరుగ చెట్టు పూర్తిగా పూసి ఉంది. రాలిన పూలు గెడ్డ రాళ్ల మీద పడి ఉన్నాయి. దళసరి రేకులు, గుత్తులుగా విడిపోయిన కేసరాలు, లోపల ఇంకా తేనె తడి ఉన్నాయి. లేత మొదలు మీద శంకువు ఆకారపు ముళ్లు దట్టంగా ఉంటాయి, చెట్టు ముదిరిన కొద్దీ అవి తగ్గుతాయి. ఇంకొంచెం పైన ఎండు గడ్డి వాలులో ధాతకి పొదలు కనిపించాయి. వంగిన కొమ్మల పొడవునా సన్నని గొట్టాల్లాంటి ఎర్రని పూలు వరుసగా ఉంటాయి. ఆయుర్వేదంలో అరిష్టాలనే మందులను పులియబెట్టడానికి వాడేవి ఈ పూలే. వాటికి పక్కనే ఒక పెద్ద జాగా నల్లగా కాలి ఉంది. గడ్డిని తగలబెట్టినవారు ఎవరైనా, ఈ నెలలో పెట్టే నిప్పు అప్పుడే మొలకెత్తిన చిన్న మొక్కలను, నేలకు దగ్గరగా పూసేవాటిని ఆనవాలు లేకుండా చేస్తుంది. అది చూసి నా మనసు కలత చెందింది. శివరాత్రికి వచ్చే భక్తులకు దారి పొడవునా ఈ విషయం ఎవరైనా చెప్పాలని గట్టిగా అనిపించింది.

ఫిబ్రవరి 2, ఆదివారం: రామతీర్థం

రామతీర్థం కొండలు నున్నని రాతి గుండ్లు. మట్టి తక్కువ, నీరు నిలవదు. గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఇటుక కట్టడాల అవశేషాలు ఉన్నాయి. రాతి పగుళ్లలో వేరూనిన కొండగోగు చెట్లను చూడాలనే ఇక్కడికి వచ్చాము. పొట్టిగా, వంకరగా ఉండే ఈ చెట్టు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేకుండా పూస్తుంది. మేము వెళ్లేసరికి చాలా చెట్లు మోడుగానే ఉన్నాయి. మెట్ల దారి విడిచి ఒక మేకల కాపరి చూపించిన వాలు మీదుగా పైకి ఎక్కితే, రాతి అంచున మూడు చెట్లు పూసి కనిపించాయి. పువ్వు అరచేతి వెడల్పు ఉంటుంది. అయిదు రేకులూ నిండు పసుపు, నడుమ కుచ్చుగా నారింజ ఛాయ కేసరాలు. అంత ఎండిన రాతి మీద అంత పెద్ద పువ్వును చూసి కాసేపు మాట రాలేదు. కాపరి కుర్రవాడు మాత్రం "దీని జిగురు మా తాత ఏరి అమ్మేవాడు, పువ్వు మేకలు తింటాయి" అని చెప్పి, మేము అడగకుండానే రెండు పూలు కోసి చిన్నాన్న చేతిలో పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. సంచిలోని తేగలు ఇస్తే నవ్వి అందుకున్నాడు.

కింది మెట్లకు దగ్గరలో ఊడుగ చెట్టు ఒకటి మొగ్గ మీద ఉంది. తెల్లని సన్న రేకులు వెనక్కి చుట్టుకునే ఈ పువ్వుకు మంచి వాసన ఉంటుంది. రెండు మొగ్గలు విచ్చి ఉంటే వాటి పరిమళం మెట్ల దాకా వచ్చింది. రామతీర్థంలో భోజనం 100 రూపాయలు. గుమ్మడికాయ బెల్లం పెట్టిన కూర, పప్పు, నువ్వుల పొడి వడ్డించారు. కూరలో బెల్లం పడటం మా కాకినాడ వైపు ఇంతగా ఉండదు కాని, నువ్వుల పొడి కలిపాక ఆ రుచి చక్కగా అమరింది. వడ్డించిన ఆమె రెండోసారి కూర వేస్తూ "తినండమ్మా, కొండెక్కి వచ్చినారు" అని పట్టుబట్టింది.

ఫిబ్రవరి 3, సోమవారం: శ్రీముఖలింగం

జలుమూరు మీదుగా వెళ్లే దారి కాలువ పని వల్ల మూసి ఉండటంతో ఆటో అబ్బాయి మమ్మల్ని పొలాల మధ్య నుంచి తిప్పి తీసుకువెళ్లాడు. ఆ చుట్టు తిరుగుడు వల్లనే వరి కోసిన మళ్లలో మినుము, పెసర చేలను దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఇక్కడ వరి కోతకు ముందో వెనకో ఆ తడిలోనే గింజలు చల్లేస్తారు. దుక్కి ఉండదు, నీరు పెట్టరు, మంచుతోనూ నేలలో మిగిలిన తడితోనూ పంట చేతికొస్తుంది. గట్ల నిండా తుమ్మి మొక్కలు తెల్లగా పూసి ఉన్నాయి, మధ్యమధ్య గడ్డి చామంతి, నీలం వెంపలి. ఒక చేలో మినుము మొక్కల మీద పసుపు దారాల చిక్కులు అలముకుని ఉన్నాయి. అది బంగారు తీగ. దానికి ఆకు లేదు, నేలలో వేరు లేదు. విత్తనం మొలిచిన కొద్ది రోజుల్లో పక్క మొక్కను చుట్టుకుని, దాని కాండంలోకి పీల్చే ముళ్లు దించి, సొంత వేరును వదిలేస్తుంది. భూతద్దంలో చూస్తే దారం మొక్కను తాకిన ప్రతిచోటా వరుసగా చిన్న బొడిపెలు, వాటి పక్కన ఆవగింజంత తెల్లని పూల గుత్తులు కనిపించాయి. రైతు దాన్ని తీగ ఒక్కటే లాగకుండా మినుము మొక్కలతో కలిపి పీకి గట్టున కుప్పవేసి కాలుస్తున్నాడు. గింజ నేలలో ఏళ్ల తరబడి చావదు కనుక పూత మీద ఉండగానే తీసేయాలని ఆయన చెప్పాడు. అందమైన పువ్వుల కోసం బయలుదేరినవాళ్లం అయినా, ఆ చేలో ఆయన పక్షమే సరైనదని నాకు తోచింది.

ముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు మూడూ వంశధార ఒడ్డున ఉన్నాయి. మధుకేశ్వరుడు ఇప్పచెట్టు నుంచి వెలసినవాడు. స్థలపురాణంలో ఒక శబర నాయకుడు, అతని ఇద్దరు భార్యలు, వారి ఇంటి దగ్గర ఇప్పచెట్టు ఉంటాయి. ఇద్దరికీ చెరొక కొమ్మ పూలు ఏరుకోమని పంచి ఇస్తే చిన్న భార్య కొమ్మ నుంచి బంగారు పూలు రాలుతాయి, తగువు పెరుగుతుంది, నాయకుడు కోపంతో చెట్టును నరకబోతే అందులోంచి ముఖలింగం వెలుస్తుంది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. దాన్ని పోటీపడి ఏరుకునే ఇంటి జీవితం తెలిసినవారే ఈ కథ చెప్పగలరు. ఇప్ప పూత మార్చిలో కాని రాదు. దారిలో చూసిన చెట్లు అప్పుడే ఆకు పసుపెక్కి రాలుస్తున్నాయి.

సోమవారం కావడంతో గుడి ముందు పూలు అమ్మేవారు చాలామంది ఉన్నారు. ఒక పెద్దామె దగ్గర తుమ్మిపూల చిన్న పొట్లం 20 రూపాయలకు కొన్నాము. ఒక్కో పువ్వు బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, పై పెదవి నూగుతో ముడుచుకుని, కింది పెదవి వెడల్పుగా చాచుకుని ఉంటుంది. అలాంటివి పొట్లం నిండా ఏరడానికి ఎంత సమయం పడుతుందని అడిగాను. "పొద్దు పొడవకముందే గట్టు మీదకి ఎల్తాను తల్లీ, నడుం ఇరిగిపోద్ది. దేవుడికి కదా" అని ఆమె చెప్పింది. చిల్లర లేదని నేను వదిలేయబోయిన 10 రూపాయలకు ఆమె ఊరుకోక ఒక మారేడు కొమ్మ ఇచ్చింది.

మధ్యాహ్నం ఏటిలోకి దిగాము. నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డాయి. వాటి మీద బలురక్కసి మొక్కలు మంచి పూత మీద ఉన్నాయి. తెల్లని ఈనెలతో నీలి ఛాయ ముళ్ల ఆకులు, పల్చని పసుపు రేకులు, విరిస్తే పసుపు పాలు. ఇది మెక్సికో నుంచి వచ్చిన మొక్క. ఆవాలను పోలిన దీని గింజలు ఆవనూనెలో కలిస్తే ఒళ్లు వాచే జబ్బు వస్తుంది. 1998లో ఢిల్లీలో అలా చాలామంది చనిపోయారు. పశువులు దాన్ని ముట్టవు. అందుకే ఆవులు మేసి వెళ్లిన ఇసుకలో అది ఒక్కటే నిలబడి పూస్తోంది.

ఫిబ్రవరి 4, మంగళవారం: అరసవల్లి, రథసప్తమి

అర్ధరాత్రి నుంచే వరుసలు కట్టారు. దర్శనం అయ్యేసరికి బాగా పొద్దెక్కింది. ఆ వరుసల సంగతి కంటే ఇంద్ర పుష్కరిణి చుట్టుపక్కల చూసిందే ఇక్కడ చెప్పవలసిన విషయం. పండుగకు కావలసిన జిల్లేడు ఆకులు, రేగుపళ్లు, చిక్కుడు ఆకులు, చిక్కుడు కాయలు అన్నీ ఆ ఋతువులో పొలాన సమృద్ధిగా దొరికేవే. తల మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానం చేస్తారు. చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, ఆరుబయట పిడకల మంట మీద పాలు పొంగించి వండిన పొంగలిని చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి నివేదిస్తారు. ఏడు జిల్లేడు ఆకులు, గుప్పెడు రేగుపళ్లు కలిపి 20 రూపాయలు. అమ్మే అమ్మాయి ఆకులు తుడిచి, పాలు కారకుండా తొడిమ చివర మట్టి అద్ది ఇచ్చింది. "పాలు కంట్లో పడకూడదండి" అని నా చేతిలోని వాటిని కూడా వెనక్కి తీసుకుని అద్దింది.

స్నానం అయ్యాక ఒక కుటుంబం మమ్మల్ని పిలిచి తమ పొంగలి పెట్టారు. బొబ్బిలి దగ్గరి నుంచి వచ్చారట. పిడకల పొగ వాసన పట్టిన పాలు, కొత్తబియ్యం, బెల్లం. వారి పెద్దావిడ తన చిక్కుడు రథాన్ని మనవరాలి చేత కట్టించింది. ఇరుసు పుల్ల విరిగిన ప్రతిసారీ కోప్పడకుండా కొత్తది అందించింది.

మధ్యాహ్నం ఊరి బయట రోడ్డు పక్కన జిల్లేడు పొద దగ్గర చిన్నాన్న ఆగిపోయారు. జిల్లేడు ఏడాది పొడవునా పూస్తుంది కానీ మిగతా పొదలు ఎండే ఈ నెలల్లోనే మన కంటపడుతుంది. లేత ఊదా రంగు అయిదు రేకుల నడుమ మైనంతో చేసినట్టున్న కిరీటం, దాని కొసన అయిదు మూలల పళ్లెం. పుప్పొడి పొడిగా రాలదు. రెండేసి పసుపు ముద్దలు నడుమ ఒక నల్లని కొక్కెంతో జతపడి, కిరీటపు సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. పెద్ద నల్ల తుమ్మెద తేనె కోసం కాళ్లు ఆనించినప్పుడు ఆ కొక్కెం కాలికి తగులుకుని, ముద్దల జత బయటికి వస్తుంది. చిన్నాన్న గడ్డిపుల్లతో ఒక జతను లాగి భూతద్దం కింద చూపించారు. అటుగా వెళ్తున్న ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా ఆగి, వంతులవారీగా చూసి, తమ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

ఫిబ్రవరి 5, బుధవారం: శాలిహుండం, కళింగపట్నం

శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. వాటిని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టింది మేము మొన్న చూసిన ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఇటుక కట్టడాల చుట్టూ వాలంతా తంగేడు పసుపుగా పూసి ఉంది. ముళ్లగోరింట పొదల్లో నారింజ పసుపు పూలు చివరి దశకు వచ్చాయి. పైనుంచి చూస్తే వంశధార వంకలు తిరిగి సముద్రం వైపు వెళ్లడం, ఏటికి రెండు వైపులా పచ్చని అపరాల చేలు కనిపించాయి.

కళింగపట్నంలో మధ్యాహ్నం కవళ్ల పులుసుతో భోజనం 120 రూపాయలు. చింతపండు తక్కువ, పచ్చిమిర్చి ఎక్కువ. హోటలు యజమాని చేపలో ముళ్లు ఎలా తీయాలో నా పక్కన నిలబడి చూపించాడు.

ఇసుక దిబ్బల మీద బాలబంది తీగ గులాబి ఊదా పూలతో పాకి ఉంది. గిట్ట ఆకారపు దళసరి ఆకులు, కణుపు కణుపుకూ ఇసుకలోకి దిగిన వేళ్లు. ఈ తీగ, దాని పక్కన గుబురుగా పెరిగే రావణాసురుడి మీసాలనే గడ్డి లేకపోతే దిబ్బ నిలవదు, గాలి ఇసుకను ఊళ్లోకి తోస్తుంది. ఆ గడ్డి ఎండు గింజకట్టలు ముళ్లబంతులై ఊడి, గాలికి ఇసుక మీద గంతులు వేస్తూ దొర్లిపోతున్నాయి. గింజలు దారిలో రాల్చుకుంటూ పోవడమే వాటి పని. పిల్లలు వాటి వెంట పరుగులు తీస్తున్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. అవి ఎక్కేది ఈ దిబ్బల మీదికే. విహారానికి వచ్చిన వాహనాల చక్రాలు తీగను తొక్కి చీల్చిన జాడలు చాలాచోట్ల ఉన్నాయి. తీగ పోయిన చోట ఇసుక అప్పుడే గుంటపడుతోంది. దిబ్బ కింద వాహనాలు ఆపి నడిచి వెళ్లడం ఎవరికీ కష్టం కాదు.

ఫిబ్రవరి 6, గురువారం: ఉద్దానం

శ్రీకాకుళం తీరాన జీడి, కొబ్బరి తోటలున్న ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. పలాస దాటి వజ్రపుకొత్తూరు వైపు వెళ్తుంటే గాలిలో జీడిపూత వాసన కలిసింది. తీపిగా, కాస్త ఘాటుగా ఉండే ఆ వాసన ఉదయం పూట ఎక్కువ. పువ్వు చిన్నది. విచ్చినప్పుడు తెల్లగా ఉండే రేకుల మీద గులాబి గీతలు ఉంటాయి, రెండో రోజుకు రేకంతా గులాబి రంగుకు తిరుగుతుంది. ఒక కేసరం మాత్రం మిగతావాటికంటే పొడవుగా బయటికి వస్తుంది. ఇక్కడి చెట్లలో చాలా వరకు లేతవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు తరాలుగా ఉన్న జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లిన రైతు పడిపోయిన పాత చెట్ల మొదళ్లు ఉన్న చోట్లను ఒక్కొక్కటిగా చూపించాడు. ఆ తరువాత నాటిన అంట్లు ఇప్పుడు నిండుగా పూశాయి. "ఈ పూతంతా నిలిస్తే చాలు, దోమ పడకుండా ఉంటే అదృష్టమే" అన్నాడు. దోమ కుట్టిన చిగుళ్లు, పూత కాడలు నల్లబడి ఎండిపోతాయి. అలాంటి కొమ్మలు రెండు మూడు మాకూ కనిపించాయి.

మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే భోజనం. పనస పిందెలు అప్పుడే మొదళ్లకు, పెద్ద కొమ్మలకు దిగుతున్నాయి. ఆయన భార్య ఒక లేత పిందెను కత్తిపీట మీద తరిగి, పొట్టులా కొట్టి, ఉడికించి, ఆవ పెట్టి కూర చేసింది. కత్తికి నూనె రాయకపోతే పనసపాలు అంటుకుని వదలవు. చింతపండు, ఎండుమిర్చి, జీడిపప్పు పడిన ఆ కూర ఘాటు ముక్కుకు తగలగానే చిన్నాన్న నవ్వి మళ్లీ అన్నం అడిగారు. నేనూ అడిగాను. వాళ్లు డబ్బు ప్రసక్తి తేనివ్వలేదు. పలాసలో అర కిలో జీడిగుండు పప్పు 430 రూపాయలకు కొని, పిల్లలకని చెప్పి వారింటికి పండ్లు పంపించాము.

సాయంత్రం సోంపేట దగ్గర బీల అంచున ఆగాము. ఏడాదిలో చాలా కాలం నీరు నిలిచే ఈ లోతట్టు నేలను కాపాడుకోవడానికి 2010లో ఇక్కడి జనం థర్మల్ కేంద్రానికి ఎదురు నిలిచారు. ఆ జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నీటి మీద తెల్లకలువలు ఉన్నాయి, ఒడ్డున తుంగ, పొన్నగంటి కూర మొలిచి ఉన్నాయి. ఇద్దరు స్త్రీలు పొన్నగంటి లేత కొసలు గిల్లి చీరకొంగులో పోసుకుంటున్నారు. రాత్రి వాళ్లింట్లో అదే కూరట.

ఫిబ్రవరి 7, శుక్రవారం: మందస

మందస నుంచి చూస్తే వాయవ్యాన మహేంద్రగిరి నీలంగా నిలబడి ఉంటుంది. కోవా తినకుండా ఈ ఊరు దాటవద్దని ముందే చెప్పారు. చెప్పినట్టే మెత్తగా, తీపి అతిగా లేకుండా ఉంది.

రోడ్డు పక్కన సవర గిరిజన స్త్రీలు కొండచీపుళ్లు అమ్ముతున్నారు. కొండవాలుల్లో మనిషి ఎత్తు దాటి పెరిగే గడ్డి చలికాలం చివర వేసే పూలగుత్తే ఈ చీపురు. మనం రోజూ చేతిలో పట్టుకుని ఊడ్చేది పువ్వునే. గింజ ముదిరితే కట్ట రాలిపోతుంది, మరీ లేతగా కోస్తే పుల్ల మెత్తబడుతుంది. అందువల్ల జనవరి చివరి నుంచి కొద్ది వారాలే కోతకు అనువైన కాలం. అక్కడున్న వారిలో పెద్దామె, కత్తితో దుబ్బు పైన కోస్తే వచ్చే ఏడాది మళ్లీ చిగురిస్తుందని, తొందరపడి వేళ్లతో పీకేవారి వల్ల వాలు బోడిదవుతోందని చెప్పింది. కోసిన చోటును ఆమె చేత్తో గాలిలో చూపించింది, మోకాటి కింద. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందని అడిగితే, "ఇంకో నెల పట్టుద్ది. అప్పుడు రా, తెల్లారకముందే రావాల" అని చెప్పింది.

రెండు కట్టలు 140 రూపాయలు. మూడో కట్ట కూడా కొనమని ఆమె అడగలేదు. కొన్న రెండింటినీ దులిపి, అరటినారతో మళ్లీ బిగించి ఇచ్చింది. కాకినాడకు తెచ్చాక నేను పెరట్లో రాతి మీద కొట్టి ఇంకా మిగిలిన నూగును రాల్చాను. దాన్ని చిన్నాన్న ఇచ్చిన భూతద్దం కింద చూస్తే, అందులో గడ్డిపువ్వు పొట్టు, మధ్యలో ఒకటి రెండు ముదిరిన గింజలు కనిపించాయి.